తుపాకీ శుభ్రతకు భుజం సంచిలో పట్టే సామాన్లు

కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి తుపాకీ గొట్టం తొందరగా తుప్పు పడుతుంది. బ్యాంకు కాపలాకు లైసెన్సు తుపాకీ, పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాలది, పట్టుకెళ్లే మాజీ సైనికులకు చిన్న కిట్ చాలు. పెద్ద పెట్టె కొంటే అందులో చాలా బ్రష్షులు మీ బోరుకి సరిపోవు.

ముందు బ్రష్షును గొట్టంలోకి తోసే రాడ్డు. మూడు ముక్కలుగా విడిపోయే ఇత్తడిది తీసుకోండి. బిగించాక అతుకు మీద గోరు లాగి చూడండి. గోరు అడ్డుపడిందంటే ఆ అంచు గొట్టాన్నీ గీస్తుంది. ప్లాస్టిక్ పూత రాడ్డయితే ఇసుక అంటుకుంటుంది, వాడే ప్రతిసారీ తుడవాలి.

బ్రష్షు ఫాస్ఫర్ బ్రాంజ్ (ఒక రకం కంచు) తీగలది, పన్నెండు బోరుకి చేసిందే కావాలి. గొట్టం లోపల సుమారు 18.5 మిల్లీమీటర్లు; ఇరవై బోరు బ్రష్షు అందులో వదులుగా తిరుగుతుంది, సీసం మరక కదలదు.

తూటాలు తీసి, రెండు గదులూ (గొట్టం వెనుక తూటా కూర్చునే చోట్లు) కంటితో, వేలితో చూశాకే పని మొదలు. గది వైపు నుంచి తోసి, బ్రష్షు గొట్టం ముందు మూతి దాటాకే వెనక్కి లాగండి. మధ్యలో వెనక్కి తిప్పితే పళ్లు వంగి ఇరుక్కుంటుంది.

సైన్యంలో అలవాటైన పుల్‌త్రూ, అంటే చిందీ (గుడ్డముక్క) కట్టి గొట్టంలోంచి లాగే తాడు, తేలికే. తాడు నలిగి ఉంటే మాత్రం వాడకండి: తెగిందా, చిందీ గొట్టంలోనే ఉండిపోతుంది, తీయడానికి మళ్లీ రాడ్డే దిక్కు.

గన్ ఆయిల్ 30 మిల్లీలీటర్ల సీసా చాలు. కొబ్బరినూనె చలికి గడ్డ కడుతుంది. కిరసనాయిలు మసి వదిలిస్తుంది గానీ ఆరాక తుప్పునాపదు. నూనె పల్చగా రాయండి. కాల్చే ముందు గొట్టం పొడిగుడ్డతో తుడవాలి. తోలు కవరులో మాత్రం రోజుల తరబడి ఉంచొద్దు, చెమ్మ పీల్చుకుంటుంది.