నీళ్లు దూదిపింజలు కాకుండా: జలపాతాలు, సరస్సులు, కొండల ఫొటోలు

జలపాతాన్ని తీసేటప్పుడు కెమెరాలోకి వెలుగును వదిలే షటర్ ఎంత ఎక్కువసేపు తెరిచి ఉంచితే అంత అందమని ఒక నమ్మకం పాతుకుపోయింది. పది సెకన్లు తెరిచి చూడండి, బండల మీద ఆరేసిన తెల్ల దుప్పటి కనిపిస్తుంది. ధారలుండవు, నీటి బరువు తెలియదు, ఎంత జోరుగా పడుతోందో అంతుపట్టదు. నీళ్ల ఫొటోలో ముందు తేల్చుకోవాల్సింది షటర్ సమయమే. ఎపర్చర్ (లెన్సులో వెలుగు వెళ్లే రంధ్రం; ఎఫ్/8, ఎఫ్/11 అని రాస్తారు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి), ఫిల్టర్లు, ఏ పూట వెళ్లాలన్నది, అన్నీ దాని వెనకే వస్తాయి.

షటర్ ఎంతసేపు?

మామూలు జలపాతాలకు 1/4 సెకను నుంచి 1 సెకను లోపు చాలు. నీరు మెత్తబడుతుంది, కానీ పోగులు పోగులుగా విడివిడిగా కనిపిస్తుంది. ఉధృతంగా దూకే పెద్ద జలపాతానికి 1/8 కూడా సరిపోవచ్చు. బండ మీద నుంచి సన్నగా జారే ధారకు మాత్రం 1 నుంచి 2 సెకన్లు ఇవ్వాలి, లేకపోతే అక్కడ నీరున్నట్టే తెలియదు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే లెన్సుతో దగ్గర నుంచి తీస్తే 1/8కే బాగా చెదిరే నీరు, ఎదుటి కొండ మీద నుంచి తీస్తే దాదాపు నిలిచిపోయినట్టు ఉంటుంది. ఫ్రేములో అది కదిలే దూరం తగ్గిపోవడమే కారణం. అందుకే ఏ పట్టికనూ గుడ్డిగా నమ్మకుండా 1/8, 1/4, 1/2, 1 సెకను చొప్పున నాలుగు తీసి, తెరమీద ధారను పెద్దది చేసి పోల్చుకోండి. రెండు నిమిషాల పని.

నీటిని గాల్లోనే ఆపాలంటే 1/1000 లేదా అంతకన్నా వేగం కావాలి. వెనక నుంచో పక్క నుంచో వెలుగు పడి, తుంపర మెరుస్తున్నప్పుడు ఇది బాగుంటుంది. ఐఎస్ఓ 400, 800కి పెంచడానికి మొహమాటపడొద్దు. ఎటూ కానిది 1/30, 1/60 ప్రాంతం. నీరు ఆగదు, పారదు. చూసేవాళ్లకు చెయ్యి వణికిందనే అనిపిస్తుంది.

సముద్రపు ఒడ్డున అల వచ్చేటప్పుడు కాకుండా, వెనక్కి లాగడం మొదలుపెట్టగానే 1/2 సెకనుకు నొక్కండి. నురగ ఇసుక మీద గీతలు గీసినట్టు సాగుతుంది. చిరుగాలికి అలలు లేస్తున్న సరస్సును అద్దంలా చదును చేయాలంటే 30 సెకన్లు, ఆపైన.

ఫిల్టర్ల లెక్క

మబ్బు పట్టిన రోజు, చెట్ల నీడలో, ఐఎస్ఓ 100, ఎఫ్/11 దగ్గర కెమెరాలో వెలుగును కొలిచే మీటరు 1/15 సెకను చూపించిందనుకోండి. పోలరైజర్ (మెరుపును, ప్రతిబింబాలను తగ్గించే, తిప్పగలిగే ఫిల్టర్) బిగిస్తే సుమారు ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది) వెలుగు తగ్గి 1/5 దగ్గరికి వస్తుంది. అంటే చాలా జలపాతాలకు మరో ఫిల్టర్ అక్కర్లేదు. పోలరైజర్ తీసేసి 3 స్టాపుల ఎన్‌డీ, అంటే వెలుగును మాత్రమే తగ్గించే ముదురు ఫిల్టర్ (డబ్బా మీద ఎన్‌డీ 8 అని ఉంటుంది) పెడితే 1/2 సెకను. రెండూ కలిపితే ఒకటిన్నర సెకను. అదే ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/11కి 1/200 వస్తుంది. అక్కడ 6 స్టాపుల ఎన్‌డీ 64 కావాలి, దాంతో 1/3 సెకను దొరుకుతుంది. 10 స్టాపుల ఎన్‌డీ 1000 నీడలోని ఆ 1/15ను నిమిషం దాటిస్తుంది. అది సరస్సులకు, సముద్రానికి, మబ్బులు పరుగెత్తే ఆకాశానికి. ఒక్కటే కొనగలిగితే పోలరైజర్ కొనండి. రెండోది ఎన్‌డీ 64.

ఫిల్టర్ లేదని ఎఫ్/22కి వెళ్లిపోవడం చాలామంది చేసే పని. అంత చిన్న రంధ్రం గుండా వెళ్లేటప్పుడు వెలుగు వంగి చెదురుతుంది, ఫొటో అంతటా పదును పోతుంది. పైగా సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కలై తేలుతుంది, లెన్సు మీది తుంపర చుక్కలు కూడా స్పష్టమవుతాయి. ఎఫ్/8, ఎఫ్/11 దాటకుండా పని జరుపుకోవడం మేలు. తప్పకపోతే ఎఫ్/16.

10 స్టాపుల ఫిల్టర్‌కి మాత్రం వరస తప్పకూడదు. ముందు ఫిల్టర్ లేకుండానే ఫ్రేము కుదుర్చుకుని, ఫోకస్ చేసి, ఫోకస్‌ను మాన్యువల్‌కి మార్చేయండి. అది బిగించాక కెమెరాకు సరిగా ఏమీ కనిపించదు. ఫిల్టర్ లేకుండా తీసిన ఫొటో వెలుగు సరిపోయిందో లేదో చూసుకుని, ఆ షటర్ సమయాన్ని 1000తో గుణించండి. 30 సెకన్లు దాటితే బల్బ్ మోడ్ (మీరు ఆపేదాకా షటర్‌ను తెరిచి ఉంచేది), రిమోట్ కావాలి. అద్దమున్న డీఎస్ఎల్ఆర్ అయితే కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌ను మూసేయండి, లేకపోతే వెనక నుంచి వెలుగు చొరబడుతుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువసేపు తీసిన ఫొటోలో వచ్చే చుక్కలను తగ్గించేది) ఆన్‌లో ఉంటే రెండు నిమిషాల ఫొటో తర్వాత ఇంకో రెండు నిమిషాలు కెమెరా పలకదు. పాడైందని కంగారుపడి బ్యాటరీ లాగేసేవాళ్లున్నారు.

పోలరైజర్ తిప్పేటప్పుడు

దాన్ని ఆకాశం నీలంగా మారడానికే వాడతారని అనుకుంటే సగం ఉపయోగం పోయినట్టే. తడిసిన ఒక బండను చూస్తూ రింగును మెల్లగా తిప్పండి. బండ మీది తెల్లటి జిగి ఒక దశలో చెరిపేసినట్టు పోతుంది. కింద నల్లరాయి, దాని పగుళ్లలో పచ్చటి నాచు బయటికొస్తాయి. ఆకుల మీది మెరుపు పోయి అసలు పచ్చదనం వస్తుంది. మడుగు అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తున్నప్పుడు ఈ ప్రభావం అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది.

మరీ మొత్తంగా తిప్పేస్తే కావాల్సిన ప్రతిబింబమూ పోతుంది. సరస్సులో కొండ నీడ తీస్తుంటే తిప్పుతూ నీడ నిండుగా ఉన్నచోట ఆపండి. ఇంద్రధనుస్సునూ ఇది పూర్తిగా మాయం చేయగలదు, ఇంకో వైపు తిప్పితే చిక్కబరచగలదు. తుంపరలో ఇంద్రధనుస్సు కావాలంటే ఎండ మీ వీపు వెనక ఉండాలి. మీ తల నీడ పడే దిశకు 42 డిగ్రీల ఎడంలో అది కనిపిస్తుంది. ఇక 24 మిల్లీమీటర్లకన్నా వెడల్పు (అంకె తగ్గేకొద్దీ ఎక్కువ దృశ్యం పట్టే) లెన్సుతో, నీలాకాశం ఎక్కువున్న ఫ్రేముల్లో పోలరైజర్ వాడితే ఆకాశం ఒకచోట ముదురుగా, పక్కన లేతగా మచ్చ పడుతుంది. తర్వాత దాన్ని సరిచేయడం నరకం.

నురగ కాలిపోకుండా

నల్లబండలు, చిక్కటి చెట్ల మధ్య సన్నటి తెల్లటి ధార ఉందనుకోండి. ఫ్రేములో చీకటి ఎక్కువని మీటరు వెలుగు పెంచేస్తుంది, నురగ తెల్ల కాగితంలా మిగులుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు ఎంచుకున్న వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) -0.7 నుంచి -1కి తగ్గించి, హైలైట్ హెచ్చరిక ఆన్ చేసి, తెల్లగా కాలిపోయి మిణుకుమిణుకుమనే చోట్లు చూడండి. ఫ్రేము నిండా నురగే ఉంటే కథ తిరగబడుతుంది. మీటరు దాన్ని బూడిదరంగు చేస్తుంది కాబట్టి +0.7 పెంచాలి. రా ఫైలే (కెమెరా మార్పులు చేయని అసలు డేటా) తీయండి. తెరమీది హిస్టోగ్రామ్ (వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు), హెచ్చరిక జేపెగ్ నుంచి లెక్కగట్టింది కాబట్టి కాస్త మిణుకుమన్నా రాలో వివరం దొరకవచ్చు, కానీ దాని మీద భరోసా పెట్టుకోకండి.

ఎండ పొడలు పడుతున్న జలపాతాన్ని ఏ సెట్టింగూ కాపాడలేదు. ఎండలోని నురగకూ నీడలోని నాచుకూ మధ్య తేడా అంత ఎక్కువ. మబ్బు వచ్చేదాకా ఆగండి, లేదా ఎండ కొండ చాటుకు పోయే వేళ చూసుకోండి. సన్నటి వాన పడి వెలిసిన వెంటనే అయితే మరీ మంచిది, ఆకులు కడిగినట్టుంటాయి. ఆకాశం తెల్లగా వెలవెలపోతుంటే ఫ్రేములోకి రానివ్వకండి. పైన కనిపించే అర అంగుళం తెలుపు కన్ను మొత్తాన్ని అటే లాగేస్తుంది.

కొండలకు మాత్రం సరిగ్గా దీనికి వ్యతిరేకం. వాలు ఎండ పక్క నుంచి పడాలి, అప్పుడే లోయలు, గట్ల మడతలు తేలతాయి. నడినెత్తిన ఎండలో కొండ అట్టముక్కలా ఉంటుంది. కాబట్టి రోజును ఇలా పంచుకోండి: తెల్లవారుజామున సరస్సు, శిఖరాలు, ఎండ ముదిరాక నీడలో ఉన్న వాగులు, జలపాతాలు, సాయంత్రం మళ్లీ కొండలు. ఏ శిఖరం తూర్పుకు మొహం తిప్పి ఉందో ముందురోజే మ్యాపులో చూసుకుంటే చీకట్లో తప్పు గట్టు ఎక్కే పని తప్పుతుంది.

ట్రైపాడ్ నీళ్లలో

రెండు కాళ్లు పల్లం వైపు, ఒకటి మెరక వైపు వచ్చేలా నిలపండి, కెమెరా మీ మీదికి గానీ నీళ్లలోకి గానీ ఒరగదు. మధ్య స్తంభం పైకి లేపకండి. వాగులో దించాల్సి వస్తే ప్రతి కాలిలోనూ అన్నిటికన్నా కిందిదైన సన్నటి భాగాన్ని పూర్తిగా సాచండి, లాకులు నీటికి పైన ఉంటాయి, ఇసుక చేరదు. సన్నటి కాళ్లు ప్రవాహానికి తంత్రుల్లా వణుకుతాయి. అది చూపుకు అందదు గానీ ఒక సెకను ఫొటోలో బండ అంచులు రెండుగా కనిపిస్తాయి. కాళ్లను రాళ్ల సందుల్లో బిగించి, పైనుంచి చేత్తో గట్టిగా నొక్కి కదలదని తేలాకే తీయండి. సంచీ వేలాడదీస్తే బరువుకు మంచిదే, అది గాలికి ఊగితే మాత్రం వేలాడదీయకపోవడమే నయం. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే సదుపాయం) ఆపేసి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. సముద్రపు తడి ఇసుకలో ప్రతి అలకూ కాళ్లు కుంగుతాయి. రెండు మూడు అలలు పోనిచ్చి, కుంగాల్సినంతా కుంగాక మొదలుపెట్టండి.

తుంపర

పెద్ద జలపాతం ముందు లెన్సు నిమిషంలో తడుస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు తీసుకెళ్లండి, ఒకటి తడిస్తే అది ఇక నీళ్లు పులమడానికే పనికొస్తుంది. పద్ధతి ఇదీ: ఫ్రేము, ఫోకస్ అన్నీ కుదిరాక లెన్సు తుడిచి, గుడ్డను లెన్సు మీద అలాగే పట్టుకోండి. టైమర్ నొక్కండి. రెండో సెకను దాటబోతుండగా గుడ్డ తీసేయండి. షటర్ మూసుకోగానే మళ్లీ కప్పేయండి. ప్రతి ఫొటోనూ పెద్దది చేసి, మూలలతో సహా చుక్కల కోసం వెతకండి. చిన్న తెరమీద కనిపించని చుక్క, ఇంటికెళ్లాక కొమ్మల మధ్య మసక గోళీలా కనిపిస్తుంది.

ఇంకో తలనొప్పి కొమ్మలు. పడే నీటి గాలికే దగ్గరి ఆకులు ఊగుతాయి, ఒక సెకనులో పచ్చటి పొగలా అవుతాయి. కెమెరా కదపకుండా రెండు తీయండి: నీటి కోసం 1/2 సెకను ఐఎస్ఓ 100లో, ఆకుల కోసం 1/15 ఐఎస్ఓ 800లో. వెలుగు రెండింటిలో ఒకటే కాబట్టి ఎడిటింగ్‌లో లేయర్లు పెట్టి ఆకులను ఒకదాంట్లోంచి, నీటిని ఇంకోదాంట్లోంచి తీసుకోవచ్చు.

కొండలు, ప్రతిబింబాలు

కంటికి గంభీరంగా ఉన్న శిఖరం 16 మిల్లీమీటర్ల లెన్సులో పుట్టగొడుగంత అయిపోతుంది. వెడల్పు లెన్సు ఉన్నది ముందుభాగం కోసం. బండ, పాయ, పూలపొద, ఏదో ఒకటి మీటరు దూరంలో ఉంటేనే దానికి అర్థం. కొండలే కావాలంటే 70 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సు వేసి, ఒకదాని వెనక ఒకటి నీలంగా పలచబడే వరసలను ఏరుకోండి. వాటికి మంచు తెర ఉంటేనే అందం, ఆ మసకను ఎడిటింగ్‌లో పూర్తిగా తుడిచేయకండి.

ముందున్న రాయి, వెనకున్న శిఖరం రెండూ పదునుగా రావాలంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మంత సెన్సర్ ఉన్నది) 24 మిల్లీమీటర్లు, ఎఫ్/11 దగ్గర సుమారు 1.8 మీటర్ల దూరంలో ఫోకస్ చేయండి. దాదాపు 0.9 మీటర్ల నుంచి అనంతం దాకా అందుతుంది. రాయి అంతకన్నా దగ్గరైతే రాయికి, మధ్యకు, శిఖరానికి మూడు తీసి కలపాలి.

ప్రతిబింబం కోసం సూర్యోదయానికి ముందే చేరాలి. నేల వేడెక్కితే గాలి కదులుతుంది, అద్దం పగులుతుంది. నీటికి ఆనుకునేంత కిందికి వంగండి, ఒడ్డున ఉన్న చిన్న మడుగు కూడా శిఖరం మొత్తాన్ని పట్టేస్తుంది. నీటిలోని నీడ అసలుకన్నా ఒకటి రెండు స్టాపులు ముదురుగా ఉండటమే సహజం. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్‌తో (పైసగం మాత్రమే ముదురుగా ఉండేది) ఆకాశాన్ని అంతకన్నా ముదురు చేస్తే చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా తేడా పట్టేస్తారు.

ఫోనుతో అయితే

ఫోనులో ఎపర్చర్ సాధారణంగా మారదు. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ అడుగుకు దించి, నీడలో 1/4కి ప్రయత్నించండి, స్టాండ్ తప్పనిసరి. ఐఫోన్‌లో లైవ్ ఫొటో తీసి, తర్వాత లాంగ్ ఎక్స్‌పోజర్ ఎఫెక్ట్ ఎంచుకోవచ్చు. కెమెరాలోనూ ఫిల్టర్ లేనప్పుడు ఇదే కిటుకు పనిచేస్తుంది. 1/4 సెకను ఫ్రేములు 16 వరసగా తీసి, సాఫ్ట్‌వేర్‌లో సగటు తీస్తే సుమారు 4 సెకన్ల నునుపు వస్తుంది, నాయిస్ కూడా నాలుగో వంతుకు పడిపోతుంది.

నీళ్ల దగ్గర కాళ్లు

తడి నాచు మీద ఏ బూటూ ఆగదు. ఎండిన గరుకు రాయి మీదే అడుగు వేయండి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి నడవకండి. వాగు నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, పుల్లలు ఆకులు కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా, పైన ఎక్కడో వాన పడిందని అర్థం. మీ నెత్తిన ఆకాశం నీలంగానే ఉండొచ్చు. ట్రైపాడ్ వదిలేసైనా గట్టెక్కాలి.

చలి కొండల మీద బ్యాటరీలు తొందరగా పడిపోతాయి, అదనపువి లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచండి. వెచ్చటి గదిలోకి వెళ్లేముందు కెమెరాను సంచీలో పెట్టి జిప్పు వేసేయండి, గంట రెండు గంటలు తీయకండి, లేకపోతే లెన్సు మీదా లోపలా చెమ్మ పడుతుంది. అందుకే మెమరీ కార్డును బయటే తీసి జేబులో వేసుకోవడం మంచిది. ఆ గంటలో నురగకు పట్టిన నీలి ఛాయ పని ఎడిటింగ్‌లో పట్టవచ్చు. నీడలో తీసిన నీరు ఎప్పుడూ నీలంగానే వస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను (ఫొటో రంగు ఛాయను సరిచేసే సెట్టింగు) 6000 కెల్విన్ దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోండి. ఫొటో మొత్తం పసుపెక్కకముందే ఆపి, మిగిలిన నీలాన్ని నీటి మీద మాత్రమే బ్రష్‌తో తగ్గించండి.