బోన్సాయ్ ఫొటో బాగా రావడం లేదా? సమస్యలు - పరిష్కారాలు

ఎదురుగా అంత ముచ్చటగా ఉన్న చెట్టు ఫొటోలో వెలవెలబోతుంటే కెమెరా మార్చాలనిపిస్తుంది. తొందరపడకండి. చాలాసార్లు లోపం కెమెరాలో ఉండదు, మనం నిలబడిన చోటులో ఉంటుంది.

సమస్య: కుండీ ఉబ్బినట్టు, చెట్టు తల చిన్నగా కనిపిస్తోంది.

మొదట్లో దాదాపు అందరూ చేసే పొరపాటు ఇది. చెట్టు చిన్నది కదా అని ఫోన్‌ను అడుగు దూరం దాకా తీసుకెళ్తాం. అంత దగ్గర్నుంచి తీస్తే ముందుకు చాచిన కొమ్మ లావెక్కిపోతుంది, వెనకున్నవి కుంచించుకుపోతాయి. ఆరేడు అడుగులు వెనక్కి జరిగి, 2 లేదా 3 రెట్లు జూమ్ చేయండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా అయితే 85 నుంచి 100 ఎంఎం లెన్స్ చక్కగా సరిపోతుంది.

ఎత్తు కూడా చూసుకోవాలి. నిలబడి కిందికి వంచి తీస్తే అది కుండీలో వట్టి మొక్కే. కెమెరాను కుండీ అంచుకు కొంచెం పైకి, మట్టి సన్నటి పట్టీలా కనిపించేంత ఎత్తుకు దించండి. చెట్టు మొదలు చుట్టూ పరుచుకున్న వేళ్లు, అంటే నెబారి, అప్పుడే కనిపిస్తాయి. జానెడు మొక్క మహావృక్షంలా అనిపించేదీ అక్కడినుంచే. ఈ ఒక్కటి కుదిరితే నా దృష్టిలో సగం పని అయిపోయినట్టే.

సమస్య: ముందు ఆకులు స్పష్టంగా, వెనక కొమ్మలు మసకగా ఉన్నాయి.

కెమెరా ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) మరీ తెరిచి ఉంది. దాన్ని చిన్నది చేసి ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య పెట్టి, మొదలు మీద ఫోకస్ చేయండి. వెలుతురు తగ్గి షటర్ నెమ్మదిస్తుంది కాబట్టి ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్ తప్పనిసరి. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గరే ఉంచొచ్చు. చెట్టంతా మసకగా వస్తే మాత్రం ఫ్యాన్ ఆపారో లేదో చూడండి! చిగుళ్లు కంటికి తెలియకుండానే ఊగుతుంటాయి.

ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ (వెనక భాగాన్ని మసకబరిచేది) వాడకండి. సన్నని కొమ్మల మధ్య ఖాళీలను అది సరిగా పోల్చుకోలేక, కొసలను చెరిపేస్తుంది.

సమస్య: వెనక కట్టిన నల్లగుడ్డ ఫొటోలో బూడిద రంగులోకి మారింది, ఎండుకొమ్మ మరీ తెల్లగా వెలిసిపోయింది.

ఫ్రేమ్‌లో నలుపు ఎక్కువగా ఉంటే వెలుతురు చాలలేదనుకుని కెమెరా దాన్ని పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలో వెలుతురు మోతాదును) మైనస్ 1 దాకా తగ్గించండి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ అయితే దీనికి తలకిందులు, ప్లస్ వైపు వెళ్లాలి. గుడ్డను చెట్టుకు మూడు నాలుగు అడుగుల వెనక కడితే నీడ దాని మీద పడదు, ముడతలూ కనిపించవు.

సమస్య: ఆకులు ఒకవైపు పసుపుగా, ఇంకోవైపు నీలంగా ఉన్నాయి.

కిటికీ వెలుతురు, గదిలో బల్బు కలిసిపోయాయి. బల్బు ఆపేయండి. కిటికీకి పల్చటి తెల్ల కర్టెన్ వేసి, వెలుతురు పక్కనుంచి పడేలా చెట్టును పెట్టండి. చీకటి పడిన వైపు ఒక థర్మాకోల్ షీటు నిలబెడితే బెరడు గీతలు కూడా తేలతాయి.

సమస్య: కుండీ మీద తెల్లటి మెరుపు పడుతోంది.

కుండీని కాదు, వెలుతురును కొంచెం పక్కకు జరపండి.

సమస్య: పోయినేడాది ఫొటోతో పోల్చడం కుదరడం లేదు.

ప్రతిసారీ వేరే చోటు నుంచి తీయడమే కారణం. ట్రైపాడ్ కాళ్ల దగ్గర, బల్ల మీద కుండీ మూలల దగ్గర టేపు ముక్కలు అంటించండి. జూమ్, ఎత్తు ఎంతో చీటీ మీద రాసి కుండీ అడుగున పెట్టుకోండి.