చైనా క్రైమ్ నవల చేతికొస్తే: పేర్లు, హోదాలు, తేదీలు పట్టుకునే పద్ధతి

నేటి చైనాలో జరిగే క్రైమ్ నవల మొదలుపెట్టి యాభై పేజీల్లో పక్కన పెట్టేసేవాళ్లలో చాలామందికి కథ నచ్చక కాదు, పేర్లు కలిసిపోయి విసుగొస్తుంది. వాంగ్ ఎవరో, జాంగ్ ఎవరో, ఈ జెంగ్ ఎప్పుడొచ్చాడో తెలియదు. నిజానికి ఈ విషయంలో మన జిల్లాలవాళ్లకు ఇంగ్లీషువాడికంటే సులువుండాలి. పొట్టి శ్రీరాములు, టంగుటూరి ప్రకాశం: ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. చైనావాళ్ల పద్ధతీ అదే.

తేడా పిలుపులో ఉంది. మనం ప్రకాశం గారూ అంటాం. వాళ్లు ఇంటిపేరుతోనే పిలుస్తారు, హోదాను దాని వెనక తగిలిస్తారు. వాంగ్, లీ, జాంగ్ ఈ మూడు ఇంటిపేర్లూ ఒక్కోటి 9 కోట్ల మందికి పైగా ఉన్నాయి. నెల్లూరు ట్రంకురోడ్డు మీద నిలబడి "రెడ్డిగారూ" అని కేకేస్తే ఎంతమంది తిరుగుతారో అనుకోండి, అక్కడ పరిస్థితి దానికి ఎన్నో రెట్లు. పైగా అనువాదంలో స్వరభేదాలు పోతాయి కాబట్టి, చైనా లిపిలో వేరువేరుగా ఉండే పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ఒకేలా కనిపిస్తాయి.

అందుకే ఒక చిన్న నోటుబుక్కు పక్కన పెట్టుకోండి. ప్రతి మనిషికీ ఒక వరస: పూర్తి పేరు, హోదా, ఎవరెవరు అతన్ని ఏమని పిలుస్తున్నారు, మొదట కనిపించిన పేజీ. మూడో గడి అన్నిటికంటే ముఖ్యం. ఒకే మనిషిని పై అధికారి "షియావో చెన్" అంటాడు, అంటే కుర్ర చెన్. తోటివాడు "లావో చెన్" అంటాడు, అంటే పెద్ద చెన్. కిందివాడు హోదాతో పిలుస్తాడు. గడి నింపకపోతే ఒక్క మనిషి ముగ్గురై కూర్చుంటాడు. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. కాబట్టి భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయని అందులో గుట్టు వెతకొద్దు. పిల్లలకు మాత్రం ఎక్కువగా తండ్రి ఇంటిపేరే వస్తుంది.

పేర్లను తెలుగులో రాసుకుంటే బాగా గుర్తుంటాయి. ఇంగ్లీషు స్పెల్లింగులో క్యూ కనిపిస్తే ఛ, ఎక్స్ కనిపిస్తే ష, జెడ్ పక్కన హెచ్ ఉంటే జ, ఒంటరి సి ఉంటే త్స అని రాయండి. ఉచ్చారణ కచ్చితంగా రాదు, కానీ నోరు తిరుగుతుంది. నోరు తిరిగిన పేరే మనసులో నిలుస్తుంది.

ఇక పోలీసు వ్యవస్థ. మన ఎస్సై, డీఎస్పీ, ఎస్పీ వరసను దానిమీద అతికించబోతే దెబ్బతింటారు. కింద పేట స్టేషన్, దానిపైన జిల్లా లేదా కౌంటీ స్థాయి ప్రజాభద్రతా కార్యాలయం, ఆపైన నగర బ్యూరో, ప్రావిన్స్ విభాగం, అన్నిటికీ పైన మంత్రిత్వ శాఖ. ఇక్కడ "నగరం" అన్న మాట తికమక పెడుతుంది. చాలా నగరాల కింద కౌంటీలు, పల్లెలు, పొలాలు కూడా ఉంటాయి. నెల్లూరు ఊరు కాదు, నెల్లూరు జిల్లా మొత్తం అనుకుంటే సరిపోతుంది. ఇంకో పొరపాటు: నేర పరిశోధన విభాగాల్లో డిటాచ్‌మెంట్ పెద్దది, బ్రిగేడ్ దాని కిందది. సైన్యంలో బ్రిగేడ్ పెద్దదని విన్నవాళ్లు ఎవరు ఎవరికి సెల్యూట్ చేయాలో తిరగేసి చదువుతారు.

ప్రభుత్వ హోదాలకు సమాంతరంగా కమ్యూనిస్టు పార్టీ హోదాలు ఉంటాయి. మేయర్ కంటే పార్టీ కార్యదర్శి పెద్ద. ఒక పాత్రను "క్రమశిక్షణ వాళ్లు తీసుకెళ్లారు" అని వస్తే, అది పోలీసు అరెస్టు కాదు. 2018 నుంచి పర్యవేక్షణ సంఘం పేరుతో నడిచే నిర్బంధం అది, అందులో లాయరును కలవనివ్వరు. అంతకుముందు కాలపు కథల్లో పార్టీ సొంతంగా నడిపిన పద్ధతి ఉండేది. ఆ పేజీకి గుర్తు పెట్టుకోండి, కథ మలుపు అక్కడే తిరుగుతుంది.

అరెస్టు తేదీలు కూడా లెక్కపెట్టి చదవాలి. మన దగ్గర పట్టుకున్నాక 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడ "అదుపులోకి తీసుకోవడం" వేరు, "అరెస్టు" వేరు. ముఠా నేరాలు, పదేపదే చేసిన నేరాల్లాంటి వాటిలో పోలీసులు 30 రోజుల వరకు ఉంచుకుని, ప్రాసిక్యూటర్ కార్యాలయాన్ని అరెస్టుకు ఒప్పుకోమని అడగొచ్చు. వాళ్లు తేల్చడానికి 7 రోజులు. మొత్తం 37. నవలలో డిటెక్టివ్ క్యాలెండరు చూసుకుంటున్నాడంటే చాలాసార్లు ఈ గడువే కారణం.

విందు సన్నివేశాలను మాత్రం దాటేయొద్దు. తిండి వర్ణన అనుకుని చాలామంది పేజీ తిప్పేస్తారు. గుండ్రటి బల్ల, తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ హోదాలో పెద్దవాడిది. దాంట్లో ఎవరు కూర్చున్నారు? కూర్చోమన్నప్పుడు ఎవరు వద్దని తప్పుకున్నారు? బైజియు (ధాన్యంతో చేసే ఘాటు సారా) గ్లాసులు తాకించేటప్పుడు చిన్నవాడు తన గ్లాసు అంచును పెద్దవాడి అంచుకంటే కిందకు దించుతాడు. బ్యూరో అధిపతి తన గ్లాసును ఒక కాంట్రాక్టరు గ్లాసు కంటే దించాడని రచయిత ఒక్క ముక్క రాశాడంటే, ఆ ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందో చెప్పేసినట్టే. "హంతకుడు ఎవరు" అన్న ప్రశ్నతో పాటు "ఆ మాట పైకి అనే బలం ఎవరికుంది" అన్న ప్రశ్ననూ పట్టుకుని చదవాలి. ఈ కథల్లో అసలు బిగువు ఎక్కువగా ఆ రెండోదాంట్లోనే ఉంటుంది.

తేదీల కోసం నోటుబుక్కు వెనక పేజీ వాడండి. పాత్రలు పుట్టిన సంవత్సరాలు రాసి, పక్కన ఇవి వేయండి: 1966 నుంచి 1976 సాంస్కృతిక విప్లవం, 1978 ఆర్థిక సంస్కరణలు, 1983 నేరాలపై "గట్టి దెబ్బ" ఉద్యమం, 1990ల చివర్లో ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో భారీగా ఉద్యోగాల కోత, 2016లో ఒక్క బిడ్డ నిబంధన పోయి ఇద్దరికి అనుమతి, 2021లో ముగ్గురికి. 1985లో పుట్టిన పట్నపు కుర్రాడికి తమ్ముడున్నాడంటే, ఆ తమ్ముడి కాగితాలు ఎలా వచ్చాయో ఆలోచించాలి. 1958 నాటి హుకౌ నివాస నమోదు కూడా ఇలాంటిదే. పల్లె నమోదు ఉన్న కూలీ పట్నంలో ఏళ్లు బతికినా అక్కడివాడిగా లెక్కలోకి రాడు. తప్పిపోయినా వెతికేవాళ్లు తక్కువ. హంతకుడు అలాంటివాళ్లనే ఎందుకు ఎంచుకుంటాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

కొలతలు త్వరగా: జిన్ అరకిలో, లీ అర కిలోమీటరు, 6 మూలు దాదాపు ఒక ఎకరం. వాన్ అంటే పదివేలు, కాబట్టి 30 వాన్ మన 3 లక్షలు. మొదటి అంతస్తంటే నేలమీదిదే. శవం మూడో అంతస్తులో ఉందంటే మన లెక్కన రెండో అంతస్తు.

గడియారం సంగతి ఒకటి. చైనా అంతటికీ బీజింగ్ సమయమే, మనకంటే రెండున్నర గంటలు ముందు. పడమటి చివరనున్న కాష్గర్ మన నెల్లూరు కంటే కూడా పడమరగా ఉంటుంది. అక్కడ చలికాలం పొద్దు పొడిచేసరికి గడియారంలో పది దాటుతుంది. "ఉదయం తొమ్మిదింటికి చీకట్లో మొహం కనబడలేదు" అని సాక్షి చెబితే అబద్ధమని కొట్టేయకండి.

మొదలుపెట్టేముందు పుస్తకం చైనాలోనే అచ్చయిందా, బయట ఉంటూ రాసిందా చూసుకోండి. లోపల అచ్చయ్యేవాటికి సెన్సారు ఉంది. పెద్ద అధికారి గురించి రచయిత ఎంత దగ్గరగా వెళ్లి ఆగాడో గమనించాలి. మొదటి 60 పేజీలు ఒకే విడతలో చదవండి. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే ఆ పని అయిపోతుంది. పేర్లు కుదురుకున్నాక వేగం దానంతటదే వస్తుంది.

చివర తీర్పు దగ్గర తొందరపడకండి. "రెండేళ్ల వాయిదాతో మరణశిక్ష" అని ఉంటే వెంటనే ప్రాణం తీయరు. ఆ రెండేళ్లలో కావాలని మళ్లీ నేరం చేయకపోతే అది యావజ్జీవమవుతుంది. వాయిదా లేని మరణశిక్షకైతే 2007 నుంచి బీజింగ్‌లోని సుప్రీం ప్రజా న్యాయస్థానం ఒప్పుకోవాలి. ఆ ఫైలు బీజింగ్ నుంచి వచ్చేలోపు మిగిలిన పేజీలు ఎన్నున్నాయో చూసుకోండి.