కందిపొడి కస్టమ్స్‌లో ఆగిందా? ముందు ఇన్వాయిస్ తీసి చూడు

మొన్న సెలవుకి వైజాగ్ వచ్చినప్పుడు ద్వారకానగర్‌లో ఒక కొరియర్ షాపుకి వెళ్ళాను. నా ముందు ఒక పెద్దావిడ, అట్టపెట్టె నిండా పొడులు. "ఏటమ్మా ఇవి?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. "పొడులు బాబూ." అంతే, ఇన్వాయిస్ మీద, అంటే పెట్టెలో ఏముందో రాసే కాగితం మీద, 'పౌడర్, 4 కేజీలు' అని కొట్టి ప్రింటు తీసేశాడు. ఆవిడ కొడుకు డాలస్ వెళ్ళి నెల కాలేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే నా మొదటి పెట్టె గతీ అదే.

అమెరికా వెళ్ళిన కొత్తలో మా అమ్మ కందిపొడి, నల్లకారం, శొంఠిపొడి పంపింది. శొంఠి జలుబుకి మంచిదని కౌంటర్లో చెప్పిందట, అతను 'ఆయుర్వేదిక్ మెడిసిన్' అని రాసేశాడు. సున్నిపిండేమో ఖాళీ హార్లిక్స్ సీసాలో. లేబులు ఒకటి, లోపల ఇంకొకటి! ట్రాకింగ్‌లో 'క్లియరెన్స్ డిలే' అని రోజూ అదే మాట. తర్వాత ఎఫ్‌డీఏ, అంటే అక్కడ తిండి, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ, నుంచి నోటీసొస్తే, ఏదో ప్రకటన అనుకుని పక్కన పడేశాను. జవాబు ఎప్పటిలోగా ఇవ్వాలో అందులోనే ఉంటుంది తమ్ముడూ, చదవాలి. నేను చదవలేదు. సరుకు తిరస్కరించారు. అలా తిరస్కరించిన సరుకుని 90 రోజుల్లో వెనక్కి పంపాలి, లేదా నాశనం చెయ్యాలి. వెనక్కి పంపే డబ్బులతో పూర్ణా మార్కెట్లో ఏడాదికి సరిపడా కందిపప్పు వస్తుంది. "ఎలా ఉంది నాన్నా?" అని అమ్మ అడిగితే "చాలా బాగుందమ్మా" అన్నాను.

అందుకే నా గోలంతా ఆ ఇన్వాయిస్ గురించే. 'పౌడర్' అన్న మాట దాని మీద ఒంటరిగా కనబడకూడదు. కందిపొడి అయితే కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు అని ఇంగ్లీషులో రాయించు. ఒక్కోటి ఎంత బరువో, ఇంట్లో చేసిందో కొన్నదో కూడా. అదే చీటీ పాకెట్టు మీదా అతికించాలి. మందు అనే మాట పొరపాటున కూడా వద్దు. తినే శొంఠిని తినే శొంఠి అనే రాయండి. అలాగని అబద్ధాలూ రాయొద్దు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. అమెరికాకి తిండి వస్తువులు పంపితే ఎఫ్‌డీఏకి ముందే సమాచారం ఇవ్వాలి, దాన్ని ప్రయర్ నోటీస్ అంటారు. ఒక మనిషి తన ఇంట్లో చేసి, తనే ఇంకో మనిషికి కానుకగా పంపితే అది అక్కర్లేదు. కానీ నా పెట్టె మీద పంపినవారి పేరు దగ్గర షాపు పేరుంది! చేసింది అమ్మ, పంపింది షాపు. ఇంకేం కానుక? ఆ గడిలో అమ్మ పేరే ఉండాలి, ప్రింటు చేతికొచ్చాక అక్కడే నిలబడి చదవమను. కొట్లో కొన్న పొడికి, అరకు కాఫీ పొడికైనా సరే, ఈ మినహాయింపు లేదు. ప్రయర్ నోటీస్ ఎవరు వేస్తారో డబ్బు కట్టకముందే షాపువాణ్ణి అడగాలి.

పచ్చి కరివేపాకు పెట్టనివ్వొద్దు, నిమ్మజాతి చెట్ల తెగులు మోసే పురుగు దాంతో వస్తుందని తీసేస్తారు. బియ్యమూ అంతే, దానికి ఖాప్రా పురుగు భయం. గసగసాలు అమెరికా సంగతి వేరు గానీ దుబాయ్, సింగపూర్ వెళ్ళేవాళ్ళు వాటి జోలికే పోవద్దు. విమానంలో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లు, అంటే ఒక కూల్‌డ్రింక్ టిన్నంత, దాటిన పొడి ఉంటే అమెరికా వెళ్ళే విమానాల దగ్గర విప్పి చూడొచ్చు. 2018 నుంచీ ఇదే పద్ధతి. పెద్ద పాకెట్లు చెకిన్ పెట్టెలో పడెయ్యి. దిగాక తిండి ఉందా అని అడిగితే ఉందనే చెప్పు.

ఇప్పటికే ఆగిందంటావా? రోజుకి ఇరవైసార్లు ట్రాకింగ్ చూస్తే కదలదు. కొరియర్‌వాళ్ళకి ఫోన్ చేసి ఏ కాగితం కావాలో అడుగు. పదార్థాల జాబితా, అమ్మ సంతకంతో ఇంట్లో చేసిందన్న ఉత్తరం, పాకెట్ల ఫోటోలు మెయిల్ చెయ్యి. నోటీసొస్తే గడువులోగా జవాబివ్వు.

సరే, మరీ బెంగపడకు. ఆ మొదటి పెట్టె తర్వాత మా అమ్మ పంపినవన్నీ చేరాయి. రెండిటిని విప్పి చూసి టేపు వేసి పంపేశారు, అంతే. నల్లకారం ఒలికి పెట్టంతా ఎర్రబడింది గానీ, అది కస్టమ్స్ తప్పు కాదు, మా అమ్మ రబ్బర్ బ్యాండు తప్పు.