కుర్ర రిసీవర్‌ని సీజన్ మొత్తం అంకెలతో తూచొద్దు

ఫాంటసీ ఫుట్‌బాల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళతో ఊహా జట్టు కట్టి, వాళ్ళ అసలు ఆటని బట్టి పాయింట్లు తెచ్చుకునే ఆట) మొదటి ఏడాది రిసీవర్‌ని (పాస్‌లు పట్టే ఆటగాడిని) అతను సంపాదించిన మొత్తం యార్డులు చూసి ట్రేడ్‌లో (ఆటగాళ్ళ మార్పిడిలో) వదిలేసుకుంటాం, మరుసటి ఏడాది అతనే ఎదుటి జట్టుకి పాయింట్లు కురిపిస్తాడు. అందుకే చివరి 6 ఆటలు విడిగా తీయండి. అతనికి వచ్చిన టార్గెట్లని (అతని వైపు విసిరిన పాస్‌లని) పరిగెత్తిన రూట్లతో (పాస్ అందుకోడానికి పరిగెత్తిన సార్లతో) భాగించండి: నూటికి 20 దాటితే ఉంచుకోండి, 25 దాటితే అసలు వదలొద్దు. టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు గీత దాటించి చేసే స్కోర్లు) లెక్కలోకి తీసుకోకండి, అవి ఏటా ఒకేలా రావు.

2021లో డెట్రాయిట్ లయన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కుర్రాడు అమోన్-రా సెయింట్ బ్రౌన్ మొదటి 11 ఆటల్లో పట్టింది 39 క్యాచ్‌లు, 352 యార్డులు. చివరి 6 ఆటల్లోనే 51 క్యాచ్‌లు, 560 యార్డులు! మరుసటి ఏడాది 1,161 యార్డులు.

రూట్లు 100 లోపుంటే ఈ లెక్క నమ్మొద్దు. కుర్రాడి అసలు జట్టులో ప్రధాన రిసీవర్ గాయపడి కూర్చున్న ఆటలైనా అంతే, అతను తిరిగొస్తే బంతులు అటే పోతాయి.