తైక్వాండో బౌట్‌లో దడ, ధ్యాస: ఎక్కడ చెదురుతుంది, ఎలా పట్టుకోవాలి

బౌట్‌కు, అంటే ఇద్దరి మధ్య పోరుకు, పేరు పిలవగానే అరచేతులు చల్లబడటం, నోరెండిపోవడం, తొడలు బరువెక్కడం మామూలే. ఆ దడను మొత్తం పోగొట్టుకోవాలని కూర్చుంటే అదే ఇంకో దిగులవుతుంది. దడ ఉన్నా పని జరగాలి, అంతే.

ముందు అది ఒంట్లో ఉందా, ఆలోచనల్లో ఉందా చూసుకోండి. ఒంట్లో అయితే ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, నోటితో ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. రెండు నిమిషాలు చాలు. గబగబా పెద్ద ఊపిర్లు తీయకండి. తల తిరిగి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, దాన్ని కూడా భయమే అనుకుంటారు. బరువు తగ్గి తన వెయిట్ విభాగంలో ఉండటం కోసం నీళ్లు మానేసినా గుండె అలాగే కొట్టుకుంటుంది. దానికి ఊపిరి మందు కాదు, నీళ్లే.

"ఓడిపోతే నాన్న ఏమంటారో" అన్న ఆలోచన తిరుగుతుంటే మనసుకు పని అప్పగించాలి. రిఫరీ 'సిజాక్' (మొదలెట్టండి) అనగానే ముందున్న కాలితో ఫెయింట్ (తన్నినట్టు నటించడం). ఎదుటివాడు మీదికొస్తే కట్ కిక్ (కాలెత్తి అడ్డుకునే తన్ను), రాకపోతే ఒకడుగు వెనక్కి. ఈ మొదటి పది సెకన్ల ప్లాన్ ముందురోజే కోచ్‌తో ఖాయం చేసుకోవాలి. అప్పటికప్పుడు ఆలోచిస్తే కాలు లేవదు.

బౌట్‌కు పాతిక నిమిషాల ముందు వార్మప్ మొదలుపెట్టండి. మన టోర్నమెంట్లు టైముకు జరగవు కాబట్టి ఒళ్లు చల్లారకుండా జాకెట్ వేసుకుని, పది నిమిషాలకోసారి ఒక నిమిషం ఫుట్‌వర్క్ చేస్తుండండి.

ధ్యాస ఎక్కువగా చెదిరేది తన్నేటప్పుడు కాదు, ఆగినప్పుడు. ఎదుటివాడి హోగుకు (ఛాతీ కవచానికి) గట్టిగానే తగిలింది, పాయింట్ పడలేదు. చూపు స్కోర్‌బోర్డు మీదికి పోతుంది, చేతులు కిందికి జారతాయి, సరిగ్గా అప్పుడే తలకు కిక్ పడుతుంది, మూడు పాయింట్లు. గామ్‌జమ్ (తప్పుకు పడే పెనాల్టీ) పడ్డాక కోపంతో తోసేస్తే ఇంకో గామ్‌జమ్. ఒక్కోటీ ఎదుటివాడికి ఒక పాయింట్, ఒకే రౌండ్‌లో ఐదు పడితే ఆ రౌండే పోతుంది.

అందుకే రిఫరీ ఆపే 'కల్యో'కూ, మళ్లీ కొనసాగించమనే 'కేసోక్'కూ మధ్య ఎప్పుడూ ఒకటే వరస అలవాటు చేసుకోండి: ఒక పొడుగాటి ఊపిరి వదలడం, గ్లవ్ సర్దుకోవడం, లోపల ఒక్క మాట ("దూరం" లాంటిది) అనుకోవడం, చూపు ఎదుటివాడి ఛాతీ మీద నిలపడం. కాళ్లనే చూస్తే ఫెయింట్‌కు దొరికిపోతారు.

రౌండ్ల మధ్య ఒక నిమిషం ఉంటుంది. మొదటి ఇరవై సెకన్లు కోచ్ మాట్లాడకూడదు. ఊపిరి, ఒక గుటక నీళ్లు. తర్వాత ఒక్క సూచన, మహా అయితే రెండు. ఆటగాడు దాన్ని తన నోటితో తిరిగి చెప్పి లేవాలి, చెప్పలేకపోయాడంటే వినలేదన్నమాటే. "ఎందుకు తన్నలేదురా?" అన్న ప్రశ్నకు ఆ నిమిషంలో చోటు లేదు. మూడు రౌండ్లలో రెండు గెలిచినవాడిదే బౌట్, ప్రతి రౌండూ సున్నా నుంచే మొదలవుతుంది. మొదటిది 2–12తో పోయినా పోయింది ఒక్క రౌండే.

ఇదంతా పోటీ రోజు కొత్తగా మొదలుపెడితే పనిచేయదు. మూడు నాలుగు వారాల ముందు నుంచే స్పారింగ్‌లో స్పీకర్లో జనం గోల పెట్టి, మూడు పాయింట్లు వెనకబడి ముప్పై సెకన్లే ఉన్నట్టు ఆడించండి. మధ్యలో కావాలనే ఒక తప్పుడు గామ్‌జమ్ ఇచ్చి, ఆ వరస చేస్తున్నాడో లేదో చూడండి.