ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ టెంపరేచర్ అలారం ఊరికే మోగుతోందా? సెట్టింగ్ మార్చేముందు ఇవి చూడండి

సమస్య: మే నెల మధ్యాహ్నం, లోడ్ సగమే, అయినా డబ్ల్యూటీఐ (ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్ వేడి చూపే మీటరు) 95 డిగ్రీలు దాటి అలారం కొడుతోంది. షిఫ్టులో ఉన్నవాళ్లకి ముందు తట్టేది సెట్టింగ్ ఓ ఐదు డిగ్రీలు పైకి జరిపేద్దామని. ఆ పని మాత్రం చెయ్యకండి.

పక్కనున్న ఓటీఐ (ఆయిల్ వేడి చూపే మీటరు) ఎంత చూపిస్తోందో చూడండి. డబ్ల్యూటీఐ బల్బు వైండింగ్‌లో ఉండదు, అదీ ట్యాంకు పైన ఆయిల్ పాకెట్‌లోనే ఉంటుంది. బుషింగ్ సీటీ (లోడ్ కరెంటుని కొలతకి తగ్గించి ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) కరెంటు ఓ చిన్న హీటర్ కాయిల్‌ని వేడిచేస్తే, ఆయిల్ వేడికి ఆ వేడి కలిపి చూపిస్తుంది, అంతే. టెస్ట్ రిపోర్టులో ఫుల్ లోడ్‌కి ఈ రెండు మీటర్ల మధ్య తేడా 20 డిగ్రీలు ఉందనుకోండి, సగం లోడ్‌కి 10 రాదు, దాదాపు 7 వస్తుంది. లోడ్ ముప్పావుగంట నిలకడగా ఉన్నాకే ఈ లెక్క చూడాలి.

ఓటీఐ 77, డబ్ల్యూటీఐ 96 ఉంటే తేడా 19. సగం లోడ్‌కి అది చాలా ఎక్కువ. హీటర్‌కి కరెంటు ఎక్కువ పోతోంది, సీటీ ట్యాపింగో కాలిబ్రేషనో తప్పు.

ఓటీఐ 88, డబ్ల్యూటీఐ 95 ఉంటే మీటర్లది తప్పు కాదు, ఆయిల్ నిజంగానే కాగుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయని వదిలెయ్యకండి, ఫేజులు తారుమారై వెనక్కి తిరిగినా తిరుగుతున్నట్టే కనిపిస్తాయి. రేడియేటర్లు ఒక్కొక్కటీ తాకి చూడండి, ఒకటి మాత్రం చల్లగా ఉంటే దాని వాల్వు మూసే ఉంది.

లోడ్ బాగా ఉన్నా రెండూ ఒకే అంకె చూపిస్తే? నాకు అన్నిటికంటే భయం ఇదే, ఎందుకంటే అలారం రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. టెస్టింగ్‌కి వేసిన సీటీ షార్టింగ్ లింకు తియ్యడం మర్చిపోయి ఉంటారు. హీటర్ వైరు ఊడినా ఇలాగే చూపిస్తుంది, అప్పుడు సీటీ తెరుచుకుని ఉన్నట్టే, ప్రమాదకరమైన ఓల్టేజీ వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ చార్జిలో ఉండగా ముట్టుకోవద్దు.

ఇక సెట్టింగులు. తయారీదారు ఇచ్చిన అంకెలే మొదట. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఓటీఐ అలారం 85, ట్రిప్ (ట్రాన్స్‌ఫార్మర్‌ని దానంతటదే ఆపేసేది) 95; డబ్ల్యూటీఐ అలారం 95, ట్రిప్ 105. వైండింగ్‌కి ఇన్సులేషన్‌గా చుట్టే మామూలు క్రాఫ్ట్ పేపర్‌కి 98 డిగ్రీలు దాటాక ప్రతి 6 డిగ్రీలకీ వయసు రెట్టింపు వేగంతో కరిగిపోతుంది, అందుకే ఆ "ఓ ఐదు డిగ్రీలు" చిన్న విషయం కాదు.

చివర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఆగిపోకుండా ట్రిప్ లింకు తీసి, డబ్ల్యూటీఐ ముల్లుని చేత్తో మెల్లగా తిప్పి 95 దగ్గర కంట్రోల్ రూమ్‌లో అలారం వస్తోందో లేదో ఒకరిని అక్కడ నిలబెట్టి వినమనండి. లింకు తిరిగి పెట్టారని రిజిస్టర్‌లో రాయించండి.